నీడన ఆరిన దూది

సిస్టరమ్మ స్మారకోపన్యాసం, కరీంనగర్

 వెనక వరుసల్లో యూనిఫాంలోనే వచ్చి కూచున్న స్టాఫ్ నర్సులూ, మీలో కొందరు నైట్ డ్యూటీ దిగి నేరుగా ఇటే వచ్చారని ముఖాలు చెప్తున్నాయి. మధ్యలో కునుకు తీస్తే నేనేమీ అనుకోను.

ఆహ్వానపత్రికలో ఎవరి స్మారకమో పేరు లేదేమిటని ముగ్గురు నలుగురు ఫోన్ చేశారు. అచ్చుతప్పు కాదు. పేరు వేయొద్దని ఆమే చెప్పిపోయింది. పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాల సర్కారు దవాఖానల్లో ముప్పై ఏళ్లకు పైగా స్టాఫ్ నర్సుగా చేసిన మనిషి. అందులో ఎక్కువ కాలం క్యాజువాలిటీలోనే. డాక్టర్లకు, ఆయాలకు, కానిస్టేబుళ్లకు, పేషెంట్లకు అందరికీ సిస్టరమ్మే. ఆఖరిసారి కలిసినప్పుడు అన్నది: "నేను చూసిన ఆడపిల్లల పేర్లు బయట పెట్టొద్దని చట్టం ఉన్నది గద మేడం. మరి నా పేరెందుకు?" నేను నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు ఆ మాటకు కట్టుబడక తప్పలేదు.

నిర్వాహకులు ఈ ఉపన్యాసానికి మొదట 'బాధితులకు న్యాయం' అని శీర్షిక పెట్టారు. నేనే తీయించాను. న్యాయం కోర్టు పని. దానికి ఏళ్లు పడుతుంది, ఒక్కోసారి రాదు. లైంగిక దాడికి గురైన మనిషి దవాఖాన గడప తొక్కినప్పుడు మనం చేయాల్సిన పని వేరు. దాని గడువు గంటల్లో ఉంటుంది. నేను చెప్పేది ఆ గంటల గురించి.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. అది చెప్పకుండా సిస్టరమ్మ గురించి మాట్లాడే హక్కు నాకు లేదు.

1990ల తొలి రోజులు. సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా కొత్తగా చేరాను. ఆ దవాఖాన పేరు ఇక్కడ అనవసరం. రాత్రి రెండు దాటాక ఒక బీడీలు చుట్టే అమ్మాయిని తీసుకొచ్చారు. వెంట తల్లి, ఒక కానిస్టేబులు. అమ్మాయి చేతుల మీద గాజులు పగిలి గీరుకుపోయిన గీతలున్నాయి. నేను కుర్చీలోంచి లేవకుండానే అడిగిన మొదటి మాట: "రిక్విజిషన్ ఏది?" కానిస్టేబులు జేబులు తడుముకున్నాడు. స్టేషన్‌లో మరిచిపోయాడట. తెచ్చేదాకా బెంచీ మీద కూచోమన్నాను. సిస్టరమ్మ నా పక్కకొచ్చి మెల్లగా అన్నది: "కాయితం వచ్చేలోపల గాయాలకు మందన్న పెట్టొచ్చు గద మేడం." నేను రూల్ చెప్పాను. అసలు అలాంటి రూలే లేదని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. మంజన్న కేసులో 2000లో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. పోలీసు కాయితం లేదని పరీక్ష చేయకుండా ఆడమనిషిని వెనక్కి పంపడాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఇది అత్యవసర వైద్యమే, నేరుగా వచ్చినా డాక్టరు చూడాల్సిందే అంది.

తెల్లవారుజామున కాయితం వచ్చింది. పరీక్ష చేశాను, సర్టిఫికెట్ రాశాను. అందులో ఒక వాక్యం: రెండు వేళ్లు సులువుగా ప్రవేశిస్తున్నాయి, సంభోగానికి అలవాటు పడినది. ఎందుకు రాశానంటే, మా సీనియర్లు రాసిన పాత సర్టిఫికెట్లలో ఆ వాక్యం ఉంది, మేం చదివిన పాఠాల్లో ఉంది. అంతకు మించి కారణమేమీ లేదు. సిస్టరమ్మ ఆ కాయితం చూసి, "ఆ పిల్లకు పెండ్లయింది, బాబు కూడ ఉన్నడు. పెండ్లయిన పిల్లకు గీ మాట రాస్తే ఏమొస్తది మేడం?" అన్నది. ఏమొస్తుందో మూడేళ్ల తర్వాత కోర్టులో చూశాను. అవతలి వకీలు ఆ ఒక్క వాక్యం పట్టుకుని నలభై నిమిషాలు నడిపాడు. కేసు పోయింది. తీర్పులో నా వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఉంది.

ఆ వాక్యానికి పెద్ద చరిత్రే ఉంది. అదీ మనకు దూరంది కాదు. వైనగంగ పక్కన మహారాష్ట్రలో దేశాయిగంజ్ ఉంది. ఆ వైనగంగ వార్ధాతో కలిసి మన తుమ్మిడిహెట్టి దగ్గర ప్రాణహిత అవుతుంది. 1972 మార్చి 26 రాత్రి దేశాయిగంజ్ పోలీస్ స్టేషన్‌లోనే ఒక ఆదివాసీ అమ్మాయిపై ఇద్దరు పోలీసులు దాడి చేశారన్నది ఆరోపణ. మరునాడు రాత్రి ఎనిమిదికి ఆమెను డాక్టరు చూశారు. వయసు పద్నాలుగు, పదహారు మధ్య ఉంటుందని రాశారు. ఒంటి మీద గాయాలు లేవు, కన్నెపొర పాత చిరుగులతో ఉంది, రెండు వేళ్లు సులువుగా పోతున్నాయి అని కూడా రాశారు. సెషన్స్ కోర్టు కొట్టేసింది. బొంబాయి హైకోర్టు నాగ్‌పూర్ బెంచి 1976లో శిక్ష వేసింది. 1978 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ శిక్ష రద్దు చేసింది. గాయాల్లేవు కాబట్టి ఎదిరించలేదు, ఎదిరించలేదు కాబట్టి బలవంతం కాదు అన్నది దాని తర్కం. ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ 1979లో ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతా ఆడవాళ్లు రోడ్ల మీదికొచ్చారు. 1983లో చట్టం మారింది. బాధితురాలి పేరు అచ్చు వేయడం నేరమన్నది ఆ సవరణతోనే వచ్చింది. ఆ లోపల దేశమంతా ఆ కేసును ఆ పిల్ల పేరుతోనే పిలవడానికి అలవాటు పడిపోయింది. నేను మాత్రం ఈ వేదిక మీద ఆ పేరు పలకను.

చట్టం మారినా సర్టిఫికెట్‌లో వాక్యం మారలేదు. నేను రాసింది ఆ సవరణ వచ్చిన పదేళ్లకు, చూడండి. లిల్లు కేసులో 2013లో సుప్రీంకోర్టు రెండు వేళ్ల పరీక్ష ఆడమనిషి గౌరవానికీ ఆంతరంగికతకూ భంగమని చెప్పింది. 2014లో కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలిచ్చి అది అసలు చేయొద్దంది. అయినా ఆగలేదు. 2022 అక్టోబరు 31న జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ హిమా కోహ్లీ ఇక మీదట ఆ పరీక్ష చేసినవాళ్లు దుష్ప్రవర్తనకు పాల్పడినట్టేనని తీర్పిచ్చారు. హిమా కోహ్లీ అంతకు ముందు మన తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తే. ఒక్క వాక్యాన్ని కొట్టేయడానికి యాభై ఏళ్లు పట్టింది.

ఇంకో మాట కూడా రాయకండి. "అత్యాచారం జరిగినట్టు ఆధారాలు లేవు" అని. అత్యాచారం జబ్బు కాదు, డాక్టరు నిర్ధారించడానికి. అది నేరం, తేల్చాల్సింది కోర్టు. సుప్రీంకోర్టు 1992లోనే చెప్పిన మాట ఇది. కనిపించింది రాయండి. కనిపించకపోతే ఎందుకు కనిపించకపోవచ్చో రాయండి. స్నానం చేసింది, మూడు రోజులైంది, భయంతో కొయ్యబారిపోయింది, కత్తి చూపారు. గాయం లేకపోవడం అబద్ధానికి గుర్తు కాదు.

ఇక గంటల లెక్కకొస్తాను. శనివారం రాత్రి ఘటన జరిగిందనుకోండి. ఆదివారం ఇంట్లో ఏడుపులు, ఎవరికీ చెప్పొద్దని ఒట్లు. ఆ పొద్దే తల్లో అత్తో తలకు పోస్తుంది. చీర ఉతికి ఆరేస్తుంది, లేదంటే కాలుస్తుంది. సోమవారం పెద్దమనుషులు కూచుంటారు. పైసల మాట వస్తుంది, తెగదు. మంగళవారం పొద్దున ఠాణాకు పోతే, ఆ చెలక మా హద్దులోది కాదు పొమ్మంటారు. నిజానికి ఎక్కడ జరిగినా ఏ ఠాణా అయినా రాసుకోవాలి. సాయంత్రానికి దవాఖానకు చేరతారు. లేడీ డాక్టర్ లీవులో ఉంది, రేపు రమ్మంటారు. మంగళవారం రాత్రికి డెబ్బైరెండు గంటలు అయిపోయాయి.

ఆ డెబ్బైరెండు గంటల్లో ఏం పోయిందో చెప్తాను. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందు తొలి మోతాదు 72 గంటల్లోపు పడాలి, ఎంత ముందైతే అంత మేలు. తర్వాత 28 రోజులు మానకుండా వాడాలి. గర్భం రాకుండా ఇచ్చే మాత్ర కూడా మూడు రోజుల్లోపు బాగా పనిచేస్తుంది, ఐదు రోజుల దాకా ఇవ్వొచ్చు. టీటీ, హెపటైటిస్ బి టీకా, సుఖవ్యాధులకు మందులు ఉండనే ఉన్నాయి. ఇక ఆధారాలు. స్వాబ్‌లు 96 గంటల దాకా తీయాల్సిందే, ఆలస్యమైందని చేతులు దులుపుకోవద్దు. స్నానం చేసినా తీయాలి. లేడీ డాక్టర్ లేకపోతే పెద్దవాళ్లను మగ డాక్టర్ చూడొచ్చు, పక్కన ఆడమనిషి ఉండాలి. ఆడపిల్ల మైనరైతే మాత్రం పోక్సో చట్టం ప్రకారం మహిళా డాక్టరే చూడాలి. దాని కోసం డాక్టరును పిలిపించాలి, పిల్లను తిప్పి పంపకూడదు. సర్కారు దవాఖానైనా ప్రైవేటైనా ఉచితంగా వైద్యం చేయాల్సిందేనని 2013 నుంచి చట్టం ఉంది. చేయనంటే ఏడాది దాకా జైలు. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర సంహితల్లోనూ అది ఉంది. పైగా రిపోర్టు ఏడు రోజుల్లో దర్యాప్తు అధికారికి చేరాలన్న గడువు కొత్తగా చేరింది. బాధితులు మగపిల్లలైనా, హిజ్రాలైనా క్యాజువాలిటీలో ఈ మర్యాద, ఈ మందులే.

సిస్టరమ్మ పనితీరు మీకు చూపించాలనుంది. తలుపు మూసేది. కానిస్టేబుల్ని, అది ఆడ కానిస్టేబులైనా సరే, బయట కూచోబెట్టేది. తర్వాత అడిగే మాట ఒకటే: "బిడ్డా, నోట్ల ఏమన్న చేసిండ్రా?" అవునంటే ముందు నోటి స్వాబ్, తర్వాతే ఛాయ్. కాదంటే ముందు ఛాయ్. తర్వాత నేను చదివిన ఫోరెన్సిక్ ఎండీలో ఛాయ్ ఎప్పుడివ్వాలో ఎవరూ చెప్పలేదు. నేల మీద శుభ్రమైన తెల్లకాయితం పరిచి, దాని మీద నిలబెట్టి బట్టలు విప్పించేది. రాలిన మట్టి, గడ్డిపరక, వెంట్రుక ఆ కాయితంలోనే మడిచి కవరులో పెట్టేది. చేసే ప్రతి పనికీ ముందు అడిగేది. వద్దంటే వద్దు. ఒకటి వద్దన్నందుకు మిగతా వైద్యం ఆపలేదు ఎప్పుడూ.

స్వాబ్‌ల దగ్గర ఆమె ఓపిక చూడాలి. థర్మోకోల్ ముక్కకు బెజ్జాలు పొడిచి స్టాండు చేసుకుంది. దూది చుట్టిన పుల్లల్ని అందులో వరసగా గుచ్చి, కిటికీకి దూరంగా బల్ల మీద పెట్టి, ఆరేదాకా ఎదురుగా స్టూలేసుకుని కూచునేది. ఎండలో పెట్టనిచ్చేది కాదు, హీటరు దగ్గరికి పోనిచ్చేది కాదు. ఒకసారి నేను తొందరపడి తడి లంగాను ప్లాస్టిక్ కవరులో పెట్టి సీల్ వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "నీడకు ఆరనియ్యాలె మేడం. తడిది కవర్ల పెడితే బూజు పడ్తది. బూజు సాక్ష్యం చెప్తదా?" ఆ రోజు నాకు కోపమొచ్చింది. తర్వాత ఎన్నో ఏళ్లకు ల్యాబ్‌లో ఒక కవరు విప్పితే పచ్చగా బూజుపట్టిన గుడ్డ కనిపించింది. పంపింది ఎవరో అడగలేదు, అది నేనే అయివుండేదాన్ని. గర్భం తీసేసిన కేసుల్లో కణజాలాన్ని అలవాటుగా ఫార్మలిన్‌లో వేసి పంపడం ఇలాంటి తప్పే. ఫార్మలిన్‌లో డీఎన్ఏ పాడవుతుంది. ఆరిన పుల్లలు కవరులోకి పోయాక కొవ్వొత్తి మీద లక్క కరిగించి ఇత్తడి సీలు గుద్దేది. ఆ లక్క వాసన నాకిప్పటికీ ఆమె వాసనే.

ఈ కవర్లు, పుల్లలు, దువ్వెన అన్నీ ఒక పెట్టెలో సర్ది ప్రతి దవాఖానకూ ఒకేలా ఇవ్వాలన్న ఆలోచన అమెరికాలో షికాగో ఆడమనిషి మార్తా గొడార్డ్‌ది. 1978 సెప్టెంబరులో అక్కడి దవాఖానల్లో మొదలైంది. మన సుప్రీంకోర్టు దేశాయిగంజ్ కేసు కొట్టేసిన నెలే అది. ఆ పెట్టెకు ఒక పోలీసు సార్జెంటు పేరు పెట్టారు, ఆమె పేరు చాలాకాలం ఎవరికీ తెలియలేదు. అంతకు రెండేళ్ల ముందే మెంఫిస్‌లో ఈ పరీక్షలకు నర్సులకే ప్రత్యేక శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టారు. మన దగ్గర సిస్టరమ్మకు ఏ శిక్షణా లేదు. సంతకం చేసే అధికారమూ లేదు. కోర్టులో ఆమె పేరు ఎప్పుడూ వినపడలేదు. నా సంతకం కింద వెళ్లిన మంచి కేసులన్నీ ఆమె చేతివే.

ఆదిలాబాద్ వైపు పనిచేసినప్పుడు ఇంకో సంగతి తెలిసింది. అక్కడ గోండి, కొలామీ, లంబాడీ, మరాఠీ, ఉర్దూ మాట్లాడే ఆడవాళ్లొస్తారు. మన సమ్మతి పత్రం మాత్రం తెలుగులోనో ఇంగ్లిషులోనో ఉంటుంది. వేలిముద్ర వేయించుకుంటే సమ్మతి అయిపోదు. ఎవరు అర్థం చెప్తారు? బయట నిలబడ్డ కానిస్టేబులా? ఒక్కోసారి ఆ ఊరి మనిషే, నిందితుడి బంధువే దుబాసీగా వస్తాడు. సిస్టరమ్మ గోండి ఆయమ్మల ఫోన్ నంబర్లు పుస్తకంలో రాసుకునేది. 28 రోజుల మందులకు తిరిగి రావాల్సిన తేదీని అంగడి రోజు పడేట్టు చూసి రాసేది. అంగడికి పోతున్నానంటే ఇంట్లో ఎవరూ ఎందుకని అడగరు.

మన జిల్లాల్లో రెండు కేసులు మీకు తెలిసినవే. 2019 నవంబరు 24న కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలం ఎల్లాపటార్ దగ్గర, ఊరూరా తిరిగి చిన్న చిన్న సామాన్లు అమ్ముకునే దళిత మహిళను అత్యాచారం చేసి చంపారు. మూడు రోజులకు హైదరాబాద్ శివార్లలో ఇంకో యువతిపై జరిగిన ఘోరానికి దేశమంతా లేచింది, ఈమె పేరెత్తింది మాత్రం మొదట్లో ఇక్కడివాళ్లే. పోలీసులు ఆమెకు సమత అని పేరు పెట్టారు. ఆదిలాబాద్‌లో ప్రత్యేక కోర్టు వేశారు. 2020 జనవరి 30న ముగ్గురికి మరణశిక్ష పడింది. ఘటన జరిగిన 67వ రోజుకు తీర్పు. పోలీసులు, డాక్టర్లు, ల్యాబ్, కోర్టు తలచుకుంటే ఎంత తొందరగా కదలగలరో అది చూపింది. కానీ అక్కడ డాక్టరు ముందుకొచ్చింది శవం. ప్రాణంతో నడిచొచ్చిన ఆడమనిషికి ఆ తొందర ఎందుకుండదన్నది నా ప్రశ్న. మా ఊళ్లో నన్ను శవాల డాక్టరమ్మ అనేవాళ్లు. తప్పేం లేదు, మా ఫోరెన్సిక్ డిపార్టుమెంటును మేమే శవాగారం పక్కకు నెట్టుకున్నాం.

రెండోది 2024 ఆగస్టు 31. జైనూరు మండలంలో ఒక ఆదివాసీ మహిళ రోడ్డు మీద తీవ్ర గాయాలతో స్పృహ లేకుండా దొరికింది. మొదట రోడ్డు ప్రమాదమనే నమోదైంది. ఆదిలాబాద్ రిమ్స్‌కు, అక్కణ్నుంచి హైదరాబాద్ గాంధీ దవాఖానకు తరలించారు. స్పృహ వచ్చాక ఆమే చెప్పింది, ఆటో డ్రైవరు అత్యాచారం చేయబోయి కొట్టి పడేశాడని. ఆ తర్వాత జైనూరులో ఇళ్లు, దుకాణాలు తగలబడటం, కర్ఫ్యూ, అదంతా పత్రికల్లో చదివారు. నాకు మాత్రం డాక్టరుగా ఒకటే తడుతుంది. మాట్లాడలేని స్థితిలో ఆడమనిషి వచ్చినప్పుడు వెంట ఉన్నవాళ్లు చెప్పిందే రాసి ఊరుకోవద్దు. బండి గుద్దిన దెబ్బ వేరు, కర్రతో కొట్టిన దెబ్బ వేరు. బట్టలు కత్తిరించి చెత్తబుట్టలో పారేసే ముందు ఒక్క క్షణం ఆగండి.

ఇప్పుడు సాధనాలు లేవనలేం. రిమ్స్ 2008 నుంచి ఉంది. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండం, ఆ మరుసటి ఏడాది కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్ సర్కారు మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ప్రతి కాలేజీలో ఫోరెన్సిక్ విభాగం ఉండి తీరాలి. అంటే పాత రెండు జిల్లాల్లో ఏ మూల నుంచి బయల్దేరినా కొన్ని గంటల్లో ఒక ఫోరెన్సిక్ డాక్టరు దగ్గరికి చేరొచ్చు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఇది కలలో మాట. జిల్లాకో సఖి కేంద్రం వచ్చింది, 181 హెల్ప్‌లైన్ ఉంది, పోలీసుల భరోసా కేంద్రాలు వచ్చాయి. కానీ ఇవన్నీ ఒకదానికొకటి చీటీలు రాసుకుంటూ ఆమెను తిప్పితే లాభం లేదు. ఆమె చెప్పింది ఒక్కసారి చెప్పాలి, డాక్టరే ఆమె ఉన్నచోటికి రావాలి.

ఆఖరుగా డ్యూటీలో ఉన్నవాళ్లకు ఒక మాట. సిస్టరమ్మ క్యాజువాలిటీ బీరువా తాళంచెవిని కొంగున ముడేసుకుని తిరిగేది. ఒకసారి ఆమె సెలవులో ఉండగా రాత్రి కేసొచ్చింది. కిట్ బీరువాలో, చెవి ఆమె ఊళ్లో. ఆ తర్వాత ఆమె ఇంకో చెవి చేయించి డ్యూటీ రూమ్‌లో మేకుకు వేలాడదీసింది, తన పైసలతోనే. మీరు ఇక్కణ్నుంచి నేరుగా డ్యూటీకి పోయేవాళ్లయితే ముందు ఆ బీరువా తీయించండి. కిట్ ఉందా, హెచ్ఐవీ మాత్రల గడువు తేదీ దాటిందా, గర్భనిరోధక మాత్ర ఉందా చూడండి. కాయితం కవర్లున్నాయో లేదో చూడండి. ఈ రాత్రి తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో అడిగి తెలుసుకోండి.